విద్యుత్ షాక్ పరీక్షలో నెగ్గిన ఆకు సారాన్ని మూర్ఛ మందు అనవచ్చా?

విద్యుత్ షాక్‌తో ఎలుకల్లో తెప్పించిన మూర్ఛను ఒక ఆకు సారం ఆపితే, దాన్ని మూర్ఛ మందు అనవచ్చా అని అడిగారు. అనకూడదు. ఎం.ఫార్మసీలో ఈ పరీక్షలే చేసినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

సెలైన్‌తో తడిపిన క్లిప్పులను ఎలుక చెవులకు తగిలించి, 150 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును 0.2 సెకన్ల పాటు పంపేవాళ్లం. ఒళ్లు ఒక్కసారి ముడుచుకునేది. ఆ వెంటనే వెనుక కాళ్లు రెండూ తోక వైపు కర్రల్లా బిగుసుకుపోయేవి. స్టాప్‌వాచ్ పట్టుకున్న నా చూపంతా ఆ కాళ్ల మీదే ఉండేది, ఎందుకంటే అవి అలా చాచుకోకపోతేనే మందు పనిచేసినట్లు లెక్క. ముందుగా ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు ఇచ్చిన మొదటి ఎలుక అదే షాక్‌కు వణికింది గానీ కాళ్లు చాచలేదు, కాసేపటికి లేచి మూతి తుడుచుకుంది. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. పై వారం అదే మందు ఇచ్చి మూర్ఛ తెప్పించే పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనాన్ని ఇంజెక్షన్ చేస్తే, మెడ దగ్గర మొదలైన కుదుపులు ఒళ్లంతా పాకాయి. ఫెనిటోయిన్ వాటిని ఆపలేకపోయింది. ఎథోసుక్సిమైడ్ అనే మరో మూర్ఛ మందు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఈ కుదుపులను ఆపుతుంది, షాక్ ముందు మాత్రం నిలవదు.

మెరిట్, పుట్నం అనే వైద్యులు బోస్టన్‌లో పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ తెప్పించి ఫెనిటోయిన్ గుణాన్ని పట్టుకున్నారు. రోగులలో దాని ఫలితాలను 1938లో ప్రచురించారు. ఆ విజయం వల్లనే షాక్ పరీక్షకు అంత గౌరవం దక్కింది. కానీ మా చెల్లెలు రోజుకు రెండు పూటలా వేసుకునే లెవెటిరాసెటమ్ అనే మూర్ఛ మందు మామూలు ఎలుకల్లో ఈ రెండు పరీక్షల్లోనూ తప్పింది. మెదడుకు చిన్న విద్యుత్ ప్రేరణలను రోజుల తరబడి ఇచ్చి, క్రమంగా మూర్ఛ వచ్చే స్థితికి తెచ్చిన ఎలుకల్లో అది పనిచేసింది, 1999లో అమెరికాలో అనుమతి పొందింది. షాక్ పరీక్ష ఒక్కటే నమ్ముకుని ఉంటే ఆ మాత్ర మా ఇంటికి చేరేదే కాదు.

మన కాలేజీల థీసిస్‌ల మీద నా బాధ కూడా ఇదే: గుంపుకు ఆరు ఎలుకలు, ఒకే పరీక్ష, పైన పెద్ద శీర్షిక. కండరాలను సడలించే పదార్థమైనా కాళ్లు చాచకుండా చేయగలదన్న ఆలోచనే ఉండదు. మేము పరీక్షించిన సారం తాగిన ఎలుకలు రోటారాడ్ మీద, అంటే తిరిగే కడ్డీ మీద, నిలవలేక జారిపడ్డాయి. ఆ అంకెలు నా థీసిస్‌లో చివరి పట్టికలో ఉన్నాయి. శీర్షికలోని 'మూర్ఛ నివారిణి' అనే మాట తీసేస్తానని మా గైడ్‌ను రెండుసార్లు అడిగాను, ఒప్పుకోలేదు.