టెక్ సందేహాలు: పుట్ చేసినా పాత విలువలే ఎందుకు?

ప్రశ్న: ఉష్ణ ప్రసరణ లెక్కగట్టే సీ ప్రోగ్రామ్‌లో గ్రిడ్ అంచు వరసలను ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య డేటా పంచుకునే ప్రమాణం) పుట్‌తో పక్క ర్యాంకు (పక్క ప్రాసెస్) విండోలోకి, అంటే ఇతరులు రాయడానికి అది తెరిచి ఉంచిన మెమరీలోకి, రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో 4 ప్రాసెస్‌లతో బాగానే నడుస్తోంది. క్లస్టర్‌లో 2 నోడ్‌ల (కంప్యూటర్ల) మీద అప్పుడప్పుడు పాత విలువలు వస్తున్నాయి. లాక్ ఆల్ (ర్యాంకులన్నిటి విండోల్లో రాసేందుకు వీలు తెరిచేది), ఫ్లష్ (పుట్‌లు పూర్తయ్యేదాకా ఆగేది) రెండూ వాడాను.

జవాబు: ఫ్లష్ తిరిగొచ్చిందంటే డేటా అవతలి విండోలోకి చేరినట్టే. కానీ చేరిన సంగతి ఆ ర్యాంకుకు ఎవరు చెప్పారు? సెండ్‌కు రిసీవ్ ఉన్నట్టు పుట్‌కు జోడీ లేదు. ఇన్ఫినీబ్యాండ్ (నోడ్‌లను కలిపే వేగవంతమైన నెట్‌వర్క్) కార్డు నేరుగా మెమరీలో రాసేస్తుంది. అక్కడి ప్రాసెసర్‌కు కబురే ఉండదు. అది తన లూప్‌లో తాను ముందుకెళ్లి, డేటా రాకముందే చదివేస్తోంది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: మీరు ఇంకా చదవని వరస మీద పక్క ర్యాంకు తరవాతి స్టెప్ విలువలు రాసేయడం. దీన్ని చాలామంది మరిచిపోతారు. ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ బయటపడకపోవడం కేవలం అదృష్టం.

ముందు నిర్ధారించుకోండి. లాక్ ఆల్, ఫ్లష్ తీసేసి, పుట్‌లకు ముందొక ఫెన్స్ (ర్యాంకులన్నిటినీ సమన్వయం చేసే కాల్), తరవాతొక ఫెన్స్ పెట్టండి. విలువలు సరిపోతే జబ్బు ఇదే. అయితే ఫెన్స్‌లో విండోలోని ర్యాంకులన్నీ పాల్గొనాలి, కాబట్టి వందల ర్యాంకులకు భారం. మీకు కావలసింది పక్కవాళ్లే కనుక పోస్ట్, స్టార్ట్, పుట్, కంప్లీట్, వెయిట్ అనే వరస వాడండి. పోస్ట్ అంటే ‘నా విండోలో ఇక రాయొచ్చు’ అని. స్టార్ట్, కంప్లీట్ అనేవి రాసే ర్యాంకు పుట్‌లకు మొదలు, ముగింపు. వెయిట్ ముగిస్తే ‘వచ్చేసింది’ అని. పోస్ట్‌కూ స్టార్ట్‌కూ పక్క ర్యాంకుల గ్రూప్ ఒక్కటే ఇస్తే చాలు. కంప్లీట్‌కూ వెయిట్‌కూ నడుమ అంచు అక్కర్లేని లోపలి గడులు లెక్కించుకోండి. కంప్లీట్ అయ్యేదాకా పంపే బఫర్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

ఇంకొకటి. విండోకు డిస్‌ప్లేస్‌మెంట్ యూనిట్ (ఒక్కో ఇండెక్స్‌కు ఎన్ని బైట్లో చెప్పేది) 8 ఇచ్చాక, పుట్‌లో ఇండెక్స్‌ను మళ్లీ 8తో గుణించకండి. ఎర్రర్ రాకుండానే వేరే చోట రాసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: లాగిన్ నోడ్‌లో నడిచే ప్రోగ్రామ్, స్లర్మ్ (క్లస్టర్‌లో పనులను కేటాయించి నడిపే సాఫ్ట్‌వేర్) జాబ్‌లో మెమరీ రిజిస్ట్రేషన్ (నెట్‌వర్క్ కార్డు వాడేందుకు మెమరీని లాక్ చేయడం) ఎర్రర్‌తో ఆగిపోతోంది.

జవాబు: జాబ్ స్క్రిప్ట్‌లోనే ‘యూలిమిట్ -ఎల్’ నడిపి చూడండి. 64 వస్తే లాక్ చేయగల మెమరీ 64 కిలోబైట్లే. ఇన్ఫినీబ్యాండ్ కార్డుకు అది ఏ మూలకూ చాలదు. లిమిట్స్ ఫైల్ మార్చినా సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) నడిపే స్లర్మ్ డెమన్‌కు (వెనక నడిచే ప్రోగ్రామ్‌కు) అది వర్తించదు. ప్రతి కంప్యూట్ నోడ్‌లో ఆ సర్వీసుకు మెమ్‌లాక్ (లాక్ చేయగల మెమరీ) పరిమితి ఇన్ఫినిటీగా పెట్టి రీస్టార్ట్ చేయమని అడ్మిన్‌ను అడగండి.