జవాబుల పేజీ: వారమంతా డాక్యుమెంటరీలు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా లీసెస్టర్‌లో ఉంటున్నాడు. అక్కడి టీవీ కార్యక్రమాల వారపు పట్టికను ఫొటో తీసి పంపితే చూశాను. రోజూ రెండు మూడు డాక్యుమెంటరీలైనా ఉన్నాయి, అవి కూడా రాత్రి భోజనాల వేళలోనే. మన దగ్గర ఆ సమయంలో సీరియల్ తప్ప మరేదీ నడవదంటారు. అక్కడ ఎలా నడుస్తోంది?
ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందుగా డబ్బు వచ్చే దారి చూడాలమ్మా. బ్రిటన్‌లో బీబీసీ ఛానళ్లలో వ్యాపార ప్రకటనలు ఉండవు. టీవీ ప్రసారాలు చూసే ప్రతి ఇల్లూ లైసెన్సు రుసుము కట్టాలి. 2025 ఏప్రిల్‌లో దాన్ని ఏడాదికి 174.50 పౌండ్లుగా నిర్ణయించారు. మీ ఇంట్లో పెద్దవారుంటే అడిగి చూడండి, ఒకప్పుడు మనవాళ్లు కూడా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు రుసుము చెల్లించి, చిన్న పుస్తకంలో బిళ్ల అంటించి ముద్ర వేయించుకునేవారు. మన దగ్గర ఆ పద్ధతి పోయింది, అక్కడ నిలిచింది. అందరి దగ్గరా రుసుము తీసుకుంటున్నప్పుడు ప్రేక్షకుల సంఖ్య ఒక్కటే చూసుకుంటే కుదరదు. తెలియజెప్పడం, బోధించడం, వినోదం కలిగించడం అనే మూడు పనులనూ మొదటి అధిపతి జాన్ రీత్ కాలం నుంచీ ఆ సంస్థ తన బాధ్యతగా చెప్పుకుంటోంది. వాటిలో వినోదం చివర ఉండటం గమనించదగ్గ విషయం.

1982లో మొదలైన ఛానల్ 4 సంగతి వేరు. అది ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్నా ప్రకటనల ఆదాయంతోనే నడుస్తుంది. దశాబ్దాలపాటు అది కార్యక్రమాలను సొంతంగా తీయకుండా బయటి నిర్మాణ సంస్థల చేత తీయిస్తూ వచ్చింది కాబట్టి, చిన్న చిన్న సంస్థలు ఎన్నో డాక్యుమెంటరీల మీదే బతకగలిగాయి.

రెండో కారణం అలవాటు. నా దృష్టిలో డబ్బు కంటే ఇదే పెద్దది. 1953లో మొదలై నేటికీ నడుస్తున్న బీబీసీ వారి ‘పనోరమా’ అనే పరిశోధనాత్మక కార్యక్రమం చాలా ఏళ్లుగా సోమవారం సాయంత్రాలకు అంటిపెట్టుకుని ఉంది. అడవులు, సముద్రాల మీద తీసే పెద్ద ధారావాహికలకు ఆదివారం రాత్రి దాదాపు రాసిపెట్టినట్టే. వాటిని తయారుచేసే బీబీసీ ప్రకృతి విభాగం 1957 నుంచీ బ్రిస్టల్ నగరంలో ఉంది. పాత ధారావాహికల్లో భాగాల సంఖ్య చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కళల చరిత్రపై కెనెత్ క్లార్క్ 1969లో చేసిన ‘సివిలైజేషన్’, విజ్ఞాన చరిత్రపై జేకబ్ బ్రొనౌస్కీ 1973లో చేసిన ‘ది అసెంట్ ఆఫ్ మ్యాన్’, డేవిడ్ అటెన్‌బరో 1979లో చేసిన ‘లైఫ్ ఆన్ ఎర్త్’, ఈ మూడూ 13 భాగాలే. వారానికొకటి చొప్పున 13 వారాలంటే సరిగ్గా మూడు నెలలు. రెండో ప్రపంచ యుద్ధంపై 1973లో మొదలైన ‘ది వరల్డ్ ఎట్ వార్’ 26 భాగాలు, అంటే అర్ధ సంవత్సరం. మన ఊళ్లలో పురాణ కాలక్షేపానికి రోజూ అదే వేళకు చేరి, నిన్న ఆపిన ఘట్టం దగ్గర మళ్లీ అందుకున్నట్టే, అక్కడి కుటుంబాలు ఒకే విషయం వెంట నెలల తరబడి కూర్చున్నాయి.

ఇప్పుడు అంత దీర్ఘమైన ధారావాహికలు అరుదు. ఐదారు భాగాలతో ముగించేస్తున్నారు. డాక్యుమెంటరీలకు పెట్టింది పేరైన బీబీసీ ఫోర్‌ను కూడా ఇకపై ప్రధానంగా పాత కార్యక్రమాల ఛానల్‌గా నడుపుతామని 2021లో ప్రకటించారు. మీ అబ్బాయి పంపిన పట్టిక నిండుగా కనిపించినా అందులో ఎన్ని కొత్తవి, ఎన్ని పునఃప్రసారాలు అన్నది చూడండి. నాకు బాధ కలిగించే మార్పు ఇది.

ప్రశ్న: వాటిని మనం ఇక్కడ చూడవచ్చా?
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇంటర్నెట్‌లో కార్యక్రమాలు చూపే బీబీసీ వారి ఐప్లేయర్ బ్రిటన్‌లో ఉన్నవారికే. అక్కడ రాత్రి తొమ్మిదైతే మనకు చలికాలంలో రెండున్నర, వేసవిలో ఒంటిగంటన్నర కాబట్టి ప్రత్యక్షంగా చూడాలన్నా కష్టమే. మన దేశంలో 2017లో మొదలైన సోనీ బీబీసీ ఎర్త్ ఛానల్‌లో ప్రకృతి ధారావాహికలు చాలావరకు వస్తాయి. తెలుగు వ్యాఖ్యానంతో కూడా వినవచ్చు, రిమోట్‌లో భాష మార్చుకునే మీట నొక్కి చూడండి.

ప్రశ్న: జంతువుల డాక్యుమెంటరీల్లో పులి నడక చప్పుడు కూడా వినిపిస్తుంది. అంత దగ్గరకు మైకు ఎలా తీసుకెళతారు? అసలు చూపించేదంతా నిజమేనా?
ఒక ఉపాధ్యాయుడు, పెందుర్తి

జవాబు: మైకు తీసుకెళ్లరు. చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన దృశ్యానికి అడుగుల చప్పుడు అందదు. అలాంటి శబ్దాల్లో అధిక భాగం తరువాత స్టూడియోలో, ఇసుక మీదా ఎండుటాకుల మీదా చేత్తో పుట్టించి కలిపేవే. దీన్ని నేను మోసం అనను. మాట వినిపించని చోట వ్యాఖ్యానం చేర్చడం లాంటిదే.

అయితే హద్దు దాటిన సందర్భాలు ఉన్నాయి. 2011లో బీబీసీలో ప్రసారమైన ‘ఫ్రోజెన్ ప్లానెట్’లో మంచు గుహలో అప్పుడే పుట్టిన ధ్రువపు ఎలుగు పిల్లలను చూపించారు. ఆ దృశ్యాన్ని తీసింది ధ్రువ ప్రాంతంలో కాదు, నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో. విషయం బయటపడ్డాక, తాము వెబ్‌సైట్‌లో ముందే చెప్పామని సంస్థ సమాధానమిచ్చింది. అడవిలో ఈనిన తల్లి గుహలోకి కెమెరా పెడితే తల్లికీ పిల్లలకూ ప్రమాదమన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ మాట చెప్పవలసింది వ్యాఖ్యానంలోనే. ఆదివారం రాత్రి పిల్లలతో కూర్చుని చూసే తండ్రి వెబ్‌సైట్ వెతకడు.

ఇంతకంటే ఘోరం ‘పనోరమా’లో జరిగింది. 1995లో యువరాణి డయానా ఇంటర్వ్యూ సంపాదించడానికి ఆ కార్యక్రమ విలేకరి నకిలీ బ్యాంకు పత్రాలు చేయించి ఆమె సోదరుడికి చూపించాడని, విశ్రాంత న్యాయమూర్తి లార్డ్ డైసన్ 2021లో ఇచ్చిన విచారణ నివేదిక తేల్చింది. నిజం బయటకు రావడానికి పాతికేళ్లు పట్టడం ఆ సంస్థకు మచ్చే. అయినా ఆ విచారణ జరిపించింది, నివేదికను ప్రచురించింది కూడా ఆ సంస్థే. తప్పు చేసిన చోటే దాన్ని తవ్వి చూపించే పద్ధతి ఉండటం వల్లే నేను ఆ కార్యక్రమాలను నేటికీ నమ్ముతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతూ డాక్యుమెంటరీలు తీస్తానంటోంది. చేతిలో ఫోన్ తప్ప మరేమీ లేదు. ఏది చూడమంటారు, ఎక్కడ మొదలుపెట్టమంటారు?
ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: ఒక్కటే చూడమనండి: ‘సెవెన్ అప్’. 1964లో గ్రెనడా టెలివిజన్ వివిధ వర్గాలకు చెందిన ఏడేళ్ల పిల్లలు 14 మందిని మాట్లాడించింది. పరిశోధకుడిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ తరువాత దర్శకుడై, ఏడేళ్లకోసారి వారి దగ్గరకే తిరిగి వెళ్లాడు. 2019 నాటికి వారికి 63 ఏళ్లు. మొదటి ఎంపికలో ఆడపిల్లలు నలుగురే ఉండటం లోపమని ఆయనే ఒప్పుకున్నాడు. చిన్ననాటి నవ్వు, నడివయసులో ముడుతలు పడిన అదే ముఖం పక్కపక్కనే కనిపించినప్పుడు కలిగే అనుభూతిని ఏ కెమెరా కొనివ్వలేదు, దాన్ని ఏళ్లే ఇచ్చాయి.

ఇక మొదలుపెట్టడానికి మన సాగరతీరం ఉంది. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుకకు వస్తాయి. ఒక్కో తల్లి వందకు అటూ ఇటూగా పెడుతుంది. అటవీశాఖ సిబ్బంది వాటిని సేకరించి, కంచె కట్టిన సంరక్షణ కేంద్రంలో మళ్లీ ఇసుకలో పాతుతారు. పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ముందుగా సిబ్బంది అనుమతి తీసుకుని, ఒకే గుంటను ఎంచుకోమనండి. గుడ్లు పాతిన రోజు నుంచి వారానికోసారి అదే చోట నిలబడి, అదే కోణంలో ఒక నిమిషం తీయాలి. మొదటి ఆరు వారాలూ ఇసుక తప్ప ఏమీ కనిపించదు. ఆ ఇసుకను కాపలా కాసే మనిషి చేతులు, ఆయన మాటలు తీస్తే అవే సగం కథ అవుతాయి. పిల్లలు బయటపడే వేళ మాత్రం ఫోన్ లైటు వెలిగించవద్దని గట్టిగా చెప్పండి. అవి వెలుతురు ఉన్న వైపే సముద్రం అనుకుంటాయి. రోడ్డు దీపాలకే దారి తప్పుతాయి. తెల్లవారేదాకా ఆగితే తూర్పు వెలుగు చాలు, మన ఊళ్లో సముద్రం ఉన్నదీ ఆ వైపే.