మేస్త్రి జవాబు: ఉప్పు పట్టిన కారుకు శీతాకాలపు స్నానం

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. మేం మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాం. మాది నల్ల కారు. డిసెంబరు దాటాక అది నల్లదని మేం చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అంచుల నిండా ఉప్పు పేరుకుని పాత ఊరగాయ జాడీలా ఉంది. దిగేటప్పుడు కాస్త ఆనుకుంటే చాలు, కోటుకు తెల్లటి చార. బయట మెషీన్లో కడిగిస్తే ఆ బ్రష్షులకు బాడీ మీద గీతలు పడుతున్నాయి. ఇంట్లో చేత్తో కడుగుదామంటే మా వారు ‘ఈ చలిలో నీళ్లేమిటి? ఎలాగూ రేపు మళ్లీ మంచు పడుతుంది, ఉగాదికి కడుక్కుందాంలే’ అంటున్నారు. ఆయన మాట వినమంటారా?
(ఓ పాఠకురాలు, ట్రాయ్)

జవాబు: వినొద్దమ్మా. అయితే ఆయన భయంలో సగం న్యాయం ఉంది. ఆ సగం నాకెలా తెలిసొచ్చిందో ముందు చెబుతాను.

మా అమ్మాయి వాళ్లు మీకు దగ్గర్లోనే, నోవైలో ఉంటారు. నేను మొదటిసారి వెళ్లింది జనవరిలో. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాణ్ని, పొద్దున్నే ఏదో ఒక బండి మీద నీళ్లు పడకపోతే చేతులు ఊరుకోవు. అల్లుడు లేవకముందే బకెట్టు నిండా వేడినీళ్లు పట్టుకెళ్లి డ్రైవ్‌వేలో ఉన్న కారు మీద పోశాను. బయట 15 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే మన లెక్కలో మైనస్ 9. రెండో బకెట్టు తెచ్చేసరికి బానెట్ మీద గాజు పలక పరిచినట్టుంది. అక్కడే వదిలిన గుడ్డను ఓ మూల పట్టుకుని ఎత్తితే వడియాల గుడ్డలా బిర్రుగా, ఎలా పరిచానో అలాగే లేచింది. నాలుగు డోర్లూ బిగుసుకున్నాయి. మేస్త్రిని కదా, బలం చూపించాను. డోర్ వచ్చింది, దాంతోపాటు రబ్బరు జానెడు పొడవున చిరిగొచ్చింది. అల్లుడు ఆఫీసు బ్యాగుతో వచ్చి చూసి ‘పర్లేదు మామయ్యగారూ’ అని క్యాబ్ పిలుచుకున్నాడు. తిట్టినా బాగుండేది. మా అమ్మాయి మాత్రం డ్రైవ్‌వేలో పేరుకున్న ఐసు కరిగేదాకా గ్యారేజీ గోడ పట్టుకుని నడుస్తూ, నడిచినప్పుడల్లా నా వైపు చూసేది.

తప్పంతా వేళది. ఆ చలిలో, ఆరుబయట, ఎండ పడకముందు కడిగాను. కడగాల్సిన అవసరం మాత్రం అప్పుడూ ఉంది, మీకు ఇప్పుడూ ఉంది.

మీ రోడ్ల మీద ఎక్కువగా చల్లేది మనం కూరలో వేసుకునే ఉప్పు జాతిదే. డెట్రాయిట్ ఊరి కిందే, వెయ్యి అడుగుల పైచిలుకు లోతున, ఉప్పు గని ఉంది. ఆ ఉప్పు మంచును కరిగించి ఉప్పునీళ్లు చేస్తే, చక్రాలు ఆ నీళ్లను కారు కిందికి చిమ్ముతాయి. గడ్డకట్టే చలిలో తుప్పు మందకొడిగా సాగుతుంది. తడీ వెచ్చదనం రెండూ దొరికాయా, ఇక పట్టపగ్గాలుండవు. మార్చి నెలాఖరుకు మీ దగ్గర జరిగేది అదే. మీ వారు ఉగాది దాకా ఆగుదామంటే సరిగ్గా తుప్పుకు పండగ దాకా ఆగుదామన్నట్టు. రాత్రిపూట వెచ్చటి గ్యారేజీలో తడి ఉప్పుతో నిలబెట్టిన కారుకూ ఇదే బాధ.

ఇది నాకు అమెరికాలో తెలిసిన సంగతి కాదు. మా షెడ్డుకు బందరు, చీరాల వైపు నుంచి వచ్చే కార్లు పైకి నిగనిగలాడుతుండేవి. డోర్ కింది అంచు వేలితో నొక్కితే పెంకులు రాలేవి. సముద్రపు గాలి చేసే పని అక్కడ ఏళ్ల తరబడి సాగితే, మీ దగ్గర ఒక్కో శీతాకాలంలో గబగబా సాగుతుంది.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్లో వాతావరణం చూసి 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే రోజు పట్టుకోండి. జనవరిలో కూడా అలాంటి రోజు ఒకటో రెండో దొరుకుతుంది. మధ్యాహ్నం పూట మొదలెడితే చీకటి పడేలోపు ఆరుతుంది. ముందుగా మనమే నీళ్ల గన్నుతో కొట్టుకునే కార్ వాష్‌కు తీసుకెళ్లండి. మీరు భయపడే బ్రష్షు అక్కడా ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని ముట్టుకోకండి, ముందు కడిగిన బురద ట్రక్కు ఇసుకంతా దాన్లోనే ఉంటుంది. నీళ్ల గన్ను మాత్రం చాలు. పెట్టిన డబ్బుల్లో మూడొంతులు కారు కిందికే పోనివ్వండి: నాలుగు చక్రాల పైనున్న గూళ్లు, డోర్ల కింది పట్టీ, వెనక బంపర్ లోపలి వైపు. బానెట్ తళతళ మీ మనసుకే తప్ప కారుకు పెద్దగా ఒరిగేదేం లేదు.

ఆ తర్వాత ఇంటికొచ్చి గ్యారేజీలో చేతిపని. ఉప్పు గరుకంతా గన్నుతో పోయింది కాబట్టి, మళ్లీ నీళ్లతో కడగక్కర్లేని రిన్స్‌లెస్ ద్రావకం అమ్ముతారు, అది వాడుకోవచ్చు. చాలావాటికి రెండు గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు చాలు, అయినా డబ్బా మీద ఏం రాశారో చూడండి. నీళ్లు పసిపిల్లకు లాల పోసేటంత గోరువెచ్చగా ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, కొద్దిగా పిండి, ఒక డోర్ తుడవడం, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టడం, ఆ తర్వాతే రెండో డోర్. మొత్తం కారంతా తడిపి కూర్చోకండి. పై నుంచి కిందికి రావాలి. కింది భాగం తుడిచిన గుడ్డ మళ్లీ పైకి ఎక్కకూడదు. గిన్నెలు తోమే సబ్బు వద్దు, ఉన్న మైనం పూత కాస్తా ఊడ్చుకుపోతుంది. చేతులకు లోపల పల్చటి ఊలు గ్లవుజులు, వాటి మీద ఒక సైజు పెద్ద రబ్బరు గ్లవుజులు వేసుకోండి. ఇది మా అమ్మాయి నేర్పిన కిటుకు. నేనైతే వేళ్లు కొంకర్లు పోయేదాకా పౌరుషానికి పోయాను.

ఇక అసలు సంగతి. డోర్లన్నీ తీసి రబ్బర్లు, అవి ఆనే అంచులు, పెట్రోలు మూత లోపల, తాళం చుట్టూ పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. ప్రతి డోర్ అడుగు అంచునా నీళ్లు కారడానికి సన్నటి చీలికలుంటాయి. బురదతో మూసుకుపోతే పళ్లపుల్లతో గెలకండి. డోర్ ఊపినప్పుడు లోపల కొబ్బరికాయలో నీళ్లు కదిలినట్టు చప్పుడైతే అవి మూసుకున్నాయనే లెక్క. రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే పొద్దున్నకు డోర్లు అతుక్కోవు. నేను కొబ్బరినూనె రాద్దామని వంటింట్లోకి వెళ్లాను. అది సీసాలోనే మైనపు ముద్దలా ఉంది. 24 డిగ్రీల సెంటీగ్రేడుకే పేరుకునే సరుకు, మిషిగన్ చలిలో ఏం పనికొస్తుంది?

తుడవడం అయ్యాక రెండు వీధులు తిప్పి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు నొక్కండి, తడి ఆరిపోతుంది. ఆ రాత్రి చదును నేల మీద పెడితే హ్యాండ్ బ్రేక్ వేయకండి, తడి గడ్డకట్టి పట్టేస్తుంది. మీది ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచితే సరిపోతుంది.

ఇంకోటి. ఇంటి గోడ బయటి కుళాయికి హోస్ పైపు తగిలించి వదిలేయొద్దు. చలికి తట్టుకునే రకం కుళాయి అని అమ్మినా సరే, హోస్ ఉంటే లోపలి నీళ్లు బయటికి కారవు, గడ్డకట్టి గోడలోపలే పైపు పగులుతుంది. పగిలినట్టు తెలిసేది కూడా మళ్లీ కుళాయి తిప్పినప్పుడే. పైపు ఊడదీసి, లోపలి వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి ఉంచండి. కారుకు కావాల్సినవి రెండు బకెట్లు, వంటింట్లోంచి మోసుకోండి. ఉగాది అన్నారు కదా మీ వారు, ఆ బకెట్లు ఆయన చేతికిచ్చేయండి.

ప్రశ్న: మేస్త్రీ, మాది ఆదిలాబాద్. జనవరిల మా దగ్గర చలి ఎట్లుంటదో మీకెరుకే. పొద్దుగాల కారు మీద మంచు తడి నిండుగుంటది. నీళ్లు దండుగ ఎందుకని ఆ తడితోనే గుడ్డవెట్టి తుడుస్తున్న. మూడేండ్ల కారు, ఎండల నిలవెడితే సాలెగూడు లెక్క గీతలు. పక్కనే జిన్నింగ్ మిల్లు ఉంది. దూది కూడా అంటుకుంటది. ఏం చెయ్యాలె?
(ఓ పాఠకుడు, ఆదిలాబాద్)

జవాబు: తమ్ముడూ, ఆ గీతలు నువ్వే గీశావు. రాత్రంతా పడిన దుమ్ము మీద మంచు కురిస్తే అది నీళ్లు కాదు, సానబట్టే మడ్డి. దాని మీద గుడ్డ పెట్టి రుద్దడమంటే గరుకు కాగితంతో పాలిష్ పెట్టడమే. ఎండ ఎక్కేదాకా ఆగు, తొమ్మిదైనా ఫర్వాలేదు. టాపు మీద నుంచి ఒక బకెట్టు నీళ్లు మగ్గుతో నిదానంగా జారనివ్వు, దుమ్ము కిందికి పోతుంది. అప్పుడు గుడ్డ పెట్టు. నీళ్లు లేని రోజు అసలు తుడవకు, అద్దాలు తుడుచుకుని వెళ్లిపో. దుమ్ము కారు మీద కవరు కప్పినా గాలికి అది రుద్దే రుద్దుడు అంతే. దూది సంగతి: బాడీ మీద పింజలకు భయపడకు, కారు ముందున్న జాలీలోంచి ఏసీ కండెన్సర్ మీదికి చేరే దూదిని చూసుకో. పంక్చర్ షాపులో గాలి పైపుతో, కాస్త దూరం నుంచి, ఇంజను వైపు నుంచి బయటికి కొట్టించు. దగ్గరగా పెడితే ఆ సన్నటి రేకులు వంగిపోతాయి.

ప్రశ్న: అద్దం మీద గడ్డకట్టిన మంచుకు కెటిల్లో వేడినీళ్లు పోస్తే త్వరగా వదులుతుంది కదా?
(ఓ పాఠకుడు, చికాగో)

జవాబు: అద్దమూ వదులుతుంది. రాయి తగిలిన చిన్న చుక్క ఉన్నా, వేడినీళ్లకు ఈ చివరి నుంచి ఆ చివరికి చీలుతుంది. అద్దం మీదికి వేడిగాలి కొట్టే డీఫ్రాస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి, బండి ఆరుబయట ఉంటేనే సుమా, గ్యారేజీలో ఇంజను పొగ ప్రాణాలకే ముప్పు. తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. బ్యాంకు కార్డుతో గీకకండి. నాది విరిగింది, కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది.