మగకప్ప లేకుండా గుడ్లు, ఆపై ఉబ్బు: హన్మకొండ సభ్యురాలికి సమాధానం

నమస్కారమండీ. ఒంటరిగా పెంచుతున్న మీ ఆఫ్రికా గోళ్ల కప్ప (నీటిలోనే జీవించే పెంపుడు కప్ప) గుడ్లు పెట్టిందనీ, ఇప్పుడు ఒళ్లు ఉబ్బిందనీ రాశారు. మగకప్ప లేకపోయినా ఎదిగిన ఆడకప్ప గుడ్లు పెట్టగలదు కాబట్టి, దానికి కంగారు పడవలసిన పని లేదు. అయితే ఫలదీకరణ జరగని ఆ గుడ్లు తెల్లబడి, బూజు పట్టి కుళ్లిపోతాయి గనుక, నీటిలో కప్పకు హాని చేసే అమోనియా పెరగకముందే వాటిని తీసివేయండి.

నన్ను కలవరపెడుతున్నది ఉబ్బు. కడుపులో గుడ్లున్న కప్ప నడుము, తొడల దగ్గర మాత్రమే లావెక్కి, హుషారుగా తింటుంది. అదే చర్మం కింద నీరు చేరితే ఒళ్లంతా, కాళ్లతో సహా, బుడగలా ఉబ్బి, మునగలేక పైనే తేలుతూ మేత మానేస్తుంది. ఈ రెండవ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక మామునూరు పశువైద్య కళాశాలలో విచారించండి, చేపల మందులు మాత్రం తోచినట్టు వేయకండి, ఎందుకంటే కప్ప చర్మం నీటిలో కలిసిన చాలా పదార్థాలను పీల్చుకుంటుంది.

ఈ జాతికి 18 నుంచి 22 డిగ్రీల నీరు అనువైనది. మన ఓరుగల్లు ఎండల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎంతగా కాగుతాయో మీకు తెలియనిది కాదు. వాటిని నేరుగా పోయకుండా, నీడలో చల్లార్చి, క్లోరిన్ విరిచే మందు కలిపి, కొద్దికొద్దిగా మార్చండి. మరొక్క మాట: పెంచలేకపోయినా దీన్ని భద్రకాళి చెరువులో వదలకండి, ఈ జాతి మోసుకొచ్చే శిలీంధ్రం మన స్థానిక కప్పలకు సోకగలదు.