గుడ్డకు అంటిన ఎరుపు

షెడ్డు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం పెయింటు మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారూ! మా నాన్నగారి కారు 1988 నాటి ప్రీమియర్ పద్మిని, ఎర్ర రంగు. ఆయన పోయాక తొమ్మిదేళ్లు పెరట్లోనే ఉండిపోయింది. రేకుల నీడ వెనక సగానికే అందేది. ఇంజను బాగు చేయించాను, నడుస్తోంది. రంగు మాత్రం బానెట్ మీద జామపండు గుజ్జులా పాలిపోయింది. తుడిస్తే గుడ్డంతా ఎర్రబడుతోంది. షాపులో చూపిస్తే రంగు చచ్చిపోయింది, మొత్తం గీకి కొత్తది కొట్టాలన్నారు. మా బావ కిరసనాయిల్లో కొబ్బరినూనె కలిపి తుడవమంటున్నాడు. రథసప్తమికి అమ్మను ఈ కారులోనే అరసవల్లి తీసుకెళ్లాలని ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: గుడ్డ ఎర్రబడిందని కంగారుపడకండి బాబూ. నాకైతే ఆ ముక్క చదవగానే ప్రాణం లేచొచ్చింది.

ఇప్పటి కార్లకు రంగు ఒక పొర, దాని మీద అద్దంలాంటి క్లియర్ కోటు ఇంకో పొర. అలాంటి కారును పాలిష్‌తో రుద్దితే గుడ్డకు రంగు అంటదు. మీ ఫియట్‌కు (1974లో పద్మిని అని పేరు పెట్టినా మన వైపు ఫియట్ అనే కదా అంటాం) ఆ పై పొర లేదు. రంగూ మెరుపూ ఒకే పొరలో ఉంటాయి. దీన్ని సింగిల్ స్టేజ్ అనడం ఈమధ్య వచ్చింది. మేం పని నేర్చుకునే రోజుల్లో రంగంటే అదే, వేరే పేరుతో పనిలేదు.

రంగులో పొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే బంక ఉంటుంది. ఎండ ముందు బంకను తింటుంది. బంక పోయినచోట పొడి వదులైపోయి, పలక మీద సుద్దలా పైకి తేలుతుంది. తలుపులు బాగానే ఉండి బానెట్, టాప్ పాడవడానికి కారణం ఇదే, నడినెత్తి ఎండ పడేది వాటి మీదే. అందరూ సముద్రపు గాలిని తిడతారు గానీ ఉప్పు తినేది రేకును, రంగును కాదు.

ఒక పని చేయండి. బానెట్ మీద చారెడు నీళ్లు చల్లి ఒరిగి చూడండి. తడిసినంత మేరా మీ నాన్నగారు కొన్నప్పటి ఎరుపు కనిపిస్తుంది. రెండు నిమిషాలకు అంచుల నుంచి ఆరుతూ మళ్లీ గులాబీ రంగులోకి పోతుంది. తడిలో ఎరుపు కనబడిందా, కింద రంగు బతికే ఉంది. కనబడకుండా సన్నటి పగుళ్లు, పొక్కులు, కింద నుంచి తోసుకొస్తున్న తుప్పు కనిపిస్తే మాత్రం ఆ షాపు వాళ్లు చెప్పిందే నిజం. పగిలిన రంగును ఏ పాలిషూ అతకదు.

ఇక రుద్దడం. దీని గురించి నాకు చేదు అనుభవం ఉంది కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. నాకు పాతికేళ్లు నిండకముందు షెడ్డుకు కొత్తగా బఫింగ్ మిషన్ వచ్చింది. దాన్ని పట్టుకుంటే చాలు, మేస్త్రి అయిపోయినట్టే ఉండేది. ఒక డాక్టరు గారి నల్ల అంబాసిడర్ మీద ఉన్ని ప్యాడ్, ముతక రబ్బింగ్ కాంపౌండ్ (రంగును అరగదీసే ముద్ద) వేసి మొదలుపెట్టాను. అద్దంలా వస్తోంది. అందులో నా ముఖం చూసుకున్నాను కూడా. బానెట్ వంపు తిరిగే అంచు మీద ప్యాడ్ రెండు సెకన్లు ఆగిందేమో. నల్లటి రంగులో వెంట్రుకంత ఇటుకరంగు గీత బయటపడింది, రంగు కింద వేసే ప్రైమర్ పూత. చెమట పట్టేసింది. బానెట్ మొత్తం నా ఖర్చుతో మళ్లీ కొట్టాను, రెండు నెలల జీతం పోయింది. కారు రంగు మందమంతా కలిపి వెంట్రుక ఒకటి రెండు పేర్చినంతే. అంచుల దగ్గర అదీ ఉండదు. మీ గుడ్డకు అంటిన ప్రతి ఎరుపూ ఆ మందంలోంచి పోయిందే. అందుకే ముందు నూనె పట్టించాలి, తర్వాతే రాపిడి. మన షాపుల్లో ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు.

నూనె అంటే గ్లేజ్, ఎండిన రంగుకు నూనె పట్టించే పాలిష్. రాపిడి లేనిదే అడగండి. అమెరికాలో పాత కార్లవాళ్లు మెగ్వయర్స్ ఏడో నంబరు గ్లేజ్ వాడతారు. శ్రీకాకుళం షాపుల్లో నా కంట పడలేదు, మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పిస్తాడు. ముందు కారును షాంపూతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. బట్టల సబ్బు పొడి వద్దు. చేత్తో తడిమితే ఇసుకలా గరగరలాడితే క్లే బార్‌ను (మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) తడిగా పెట్టి, బరువు వేయకుండా జరపండి. తలుపుల అంచులు, బానెట్ మలుపులు మాస్కింగ్ టేపుతో మూసెయ్యండి. తర్వాత ముతక టర్కీ టవల్ ముక్క మీద గ్లేజ్ ధారాళంగా పోసి, మూరెడు జాగా చొప్పున బాగా రుద్దండి. మొదటిసారి గుడ్డ చూస్తే గుండె ఝల్లుమంటుంది, ఎర్ర సున్నంలా వస్తుంది. అది చచ్చిన పొడి, పోనివ్వండి. రుద్దినాక తుడిచెయ్యకుండా మందంగా ఇంకో పూత వదిలేసి రాత్రంతా ఉంచండి. ధనుర్మాసంలో మంచు కురుస్తుంది కాబట్టి కప్పు కిందే ఉంచాలి. పొద్దున తుడిచి చూడండి. రంగు ముదిరి ఉంటుంది. బానెట్‌కు రెండోసారి, మూడోసారి కూడా అదే సేవ చేయాల్సి రావచ్చు.

అప్పుడు సన్న పాలిష్, స్పాంజి ప్యాడ్‌తో, చేత్తోనే. వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) జోలికి వెళ్లకండి. చివరగా వ్యాక్స్ తప్పనిసరి. గ్లేజ్ నూనెను పట్టి ఉంచేది అదే. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, పాత రంగుకు బాగా నప్పుతుంది. మన ఎండలకు రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టాలి. పొదుపు చేస్తే మళ్లీ జామపండే.

చివరి తుడుపుకు నేను వాడేది పాత పొందూరు పంచె. ఆ నూలుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు కదా, అంత సన్నంగా వచ్చిన బట్ట వందసార్లు ఉతికాక వెన్నే. కొత్తది చింపకండి, ఇంట్లో ఆడవాళ్లు నన్ను తిడతారు. లేకపోతే మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

మీ బావగారి మందు రెండు రోజులు మెరుస్తుంది. కిరసనాయిలు కారు మీదున్న వ్యాక్స్‌ను కూడా కడిగేస్తుంది, కొబ్బరినూనె దుమ్మునంతా పిలిచి కూర్చోబెడుతుంది. పైగా రేపు నిజంగా రంగు కొట్టాల్సి వస్తే, జిడ్డు మిగిలినచోట కొత్త రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది, మేం చేప కళ్లు అంటాం. బావగారికి నా నమస్కారాలు చెప్పండి, సీసా మాత్రం దాచేయండి.

ఒక్కరే చేసుకుంటే నాలుగు ఆదివారాల పని. ఇప్పుడే మొదలుపెడితే రథసప్తమికి అందుతుంది.

ప్రశ్న: మాది తెల్ల అంబాసిడర్. రుద్దినా తెల్ల గుడ్డకు ఏమీ అంటలేదు. అంటే క్లియర్ కోటు ఉన్నట్టేనా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: అమ్మా, తెల్ల గుడ్డ మీద తెల్ల రంగు ఎలా కనబడుతుంది! నల్ల బనియను ముక్కతో, కొంచెం పాలిష్ వేసి, డిక్కీ మూత లోపలి అంచున రుద్ది చూడండి. పిండిలా అంటితే పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. ఆ కారును మధ్యలో ఎవరైనా మళ్లీ పెయింట్ చేయించి ఉంటే తలుపుకొక రకంగా ఉండొచ్చు, ఒక్కచోట చూసి ఊరుకోవద్దు.

ప్రశ్న: మా వెండిరంగు కారు టాప్ మీద తెల్లటి మచ్చలు, వాటి అంచులు పొలుసుల్లా లేస్తున్నాయి. గ్లేజ్ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: చెయ్యదు. లేస్తున్నది క్లియర్ కోటు. టాప్ వరకు గీకించి రంగు, క్లియర్ రెండూ కొట్టించాలి. ఈలోగా గోటితో పొలుసులు లాగకండి, మచ్చ పెద్దదవుతుంది.