గ్రూపు పనిలో పిల్లలు ఆలోచించి మాట్లాడాలంటే?

కంప్యూటర్ ల్యాబ్‌లో గ్రూపు పని ఇస్తే పిల్లలు "ఓకే", "సూపర్" అని కొట్టి వదిలేస్తున్నారు, ఏం చేయాలని అడిగారు. నేను హనుమకొండలో ఎనిమిదో తరగతికి చెబుతాను, మా దగ్గరా ఇదే తంతు.

ముందు ప్రశ్న మార్చండి. "రామప్ప గుడి ఎప్పుడు కట్టారు?" అంటే ఒకరు 1213 అని టైప్ చేస్తారు, కథ కంచికి. "పునాదిలో ఇసుక ఎందుకు నింపారు?" అనండి. "ఇసుక కుంగదా సార్?" అని ఒకమ్మాయి, "భూకంపమొస్తే మెత్తలెక్క ఆపుతదేమో" అని పక్కోడు. అప్పుడు మొదలవుతుంది వాదన.

కెనడాలో స్కార్డమాలియా, బెరైటర్ అనే విద్యా పరిశోధకులు రూపొందించిన 'నాలెడ్జ్ ఫోరం' అనే సాఫ్ట్‌వేర్‌లో పిల్లలు "నా సిద్ధాంతం" లాంటి వాక్యపు మొదలు ఎంచుకుని రాస్తారు. మామూలు షేర్డ్ డాక్యుమెంట్‌లోనూ అది పెట్టొచ్చు: "నువ్వన్నది నాకిట్ల అర్థమైంది...", "నేను ముందు అనుకున్నది మారింది, ఎందుకంటే...". నా లెక్కలో రెండోదే అసలు మందు. మొదట్లో మొక్కుబడిగానే నింపుతారు, కంగారుపడకండి.

మౌస్ పది నిమిషాలకోసారి చేతులు మారాలి. లేదంటే ఒకడే డ్రైవరు, మిగతావాళ్లు ప్యాసింజర్లు.

జవాబు మాత్రం మీరు రాయకండి. నేనైతే "దీనికి ఆధారమేది?" అని ఒక్క ముక్క రాసి పక్క కంప్యూటర్ దగ్గరికి పోతా.