పరిచయం లేనివాళ్లకు ఇవ్వడానికి చేయి ఎందుకు రాదు?

అవతలి మనిషి మనకు ఎంత దూరమైతే ఇచ్చే చేయి అంత వెనకాడుతుంది. 2006లో జోన్స్, రాక్లిన్ అనే పరిశోధకులు కొందరిని పిలిచి, వాళ్లకు అందరికంటే దగ్గరివాళ్లతో మొదలుపెట్టి వందమందిని వరసగా ఊహించుకోమన్నారు. ఫలానా స్థానంలోని వ్యక్తికి డబ్బు అందాలంటే మీరెంత వదులుకుంటారని అడిగారు. మొదటి కొద్దిమంది దాటేలోపే ఆ మొత్తం గబగబా పడిపోయింది, తర్వాత నెమ్మదిగా తగ్గింది.

అయితే దూరమంటే చుట్టరికం, స్నేహం లేకపోవడం మాత్రమే కాదు, ఎవరి కంటా పడకపోవడం కూడా. 1990ల్లో ఎలిజబెత్ హాఫ్‌మన్, వెర్నన్ స్మిత్ బృందం కొందరికి 10 డాలర్లిచ్చి, తెలియని మనిషితో ఇష్టమైనంత పంచుకోమంది. ఎవరెంత ఇచ్చారో పరిశోధకులకు కూడా తెలియనప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల మంది ఏమీ ఇవ్వలేదు. నాకు ఆశ కలిగించేది మరొకటి: ఎదుటివాళ్లను కళ్లారా చూపించి, వాళ్ల గురించి కాస్త చెబితే ఇచ్చేది పెరిగిందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.